అమెరికా ఇల్లు అమ్మేసి రావాలా, అద్దెకిచ్చి రావాలా?

మేం ఇండియాకు తిరిగొచ్చి మూడేళ్లయింది. ఇప్పటికీ నెలకు ఇద్దరు ముగ్గురైనా డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు: "మీరు ఇల్లు ఏం చేశారు? అమ్మేశారా, అద్దెకిచ్చారా?" మేం రెండూ చేశాం. 2023 జూన్‌లో ఇల్లు అద్దెకిచ్చి విమానం ఎక్కాం. 2025 మార్చిలో హైదరాబాద్‌లో కూర్చుని అమ్మాం. కాబట్టి రెండు వైపుల లెక్కలూ నా దగ్గరున్నాయి.

ఇదంతా హెచ్1బి, ఎల్1 ఉద్యోగ వీసాల మీద ఉండి ఇల్లు కొనుక్కుని, వీసా వదిలేసి వచ్చేస్తున్నవాళ్ల కోసం. సిటిజన్‌షిప్ ఉంటే కింద చెప్పే చిక్కుల్లో సగం మీకు తగలవు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రం కార్డు వదులుకోవడం గురించి ముందు సీపీఏతో (అమెరికా టాక్స్ అకౌంటెంటుతో) మాట్లాడి, ఆ తర్వాతే ఇంటి సంగతి చూడండి.

అద్దెకివ్వాలని మాకెందుకు అనిపించిందో ముందు చెప్తాను, ఆ కారణాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. 2021లో ఇంటి లోను తక్కువ వడ్డీకి మార్చుకున్నప్పుడు (రీఫైనాన్స్) మాకు 2.875 శాతం వడ్డీ దొరికింది. ఆ రేటు ఇక జన్మలో రాదని అందరూ అన్నారు. రూపాయి చూస్తే, మేం ఇల్లు కొన్న 2017లో డాలరు 65 దగ్గరుండేది, అమ్మేనాటికి 85 దాటింది. డాలర్లలో ఒక ఆస్తి ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. పైగా పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు, రేపు కాలేజీకి వెళ్తామంటే ఒక ఇల్లుంటుంది. ఇవన్నీ నిజమైన కారణాలే. ఈ రోజుకీ వీటిని నేను కాదనను.

అయితే మేం లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది. మీరు విమానం ఎక్కిన రోజు ఇల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది, మారేది మీరు. నిన్నటిదాకా ఆ ఇంట్లో కాపురమున్న యజమాని, అమెరికాలో పన్ను కట్టే రెసిడెంటు. ఇక మీదట విదేశంలో ఉండే ఓనరు. అదే ఇంటికి, అదే మనిషికి రూల్స్ అన్నీ మారిపోతాయి.

మొదటి దెబ్బ ప్రాపర్టీ టాక్స్ రూపంలో వచ్చింది. టెక్సస్‌లో సొంతంగా ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది, ఏటా పన్ను వేసే విలువ 10 శాతానికి మించి పెరగకుండా అడ్డు కూడా ఉంటుంది. అద్దెకిస్తే ఆ రెండూ పోతాయి. మాకు ఏటా 8,900 డాలర్లు వచ్చే బిల్లు 11,000 దాటింది. ఇన్సూరెన్స్ కూడా మామూలు హోమ్ పాలసీ నుంచి అద్దె ఇళ్ల పాలసీకి మార్చాలి. మార్చకపోతే క్లెయిమ్ రోజున టెన్షన్ తప్పదు.

అద్దె 2,900 వచ్చేది. లోను, టాక్స్, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఫీజు, ఇల్లు చూసుకునే మేనేజరుకిచ్చే 8 శాతం పోను కాగితం మీద నెలకు 340 మిగిలేవి. అందులోంచి అద్దెదారును తెచ్చినందుకు మేనేజరుకు ఒక నెల అద్దె పోయింది. తర్వాత వాటర్ హీటర్ ఖర్చు వచ్చిపడింది.

డిసెంబర్‌లో ఒక రోజు ఉదయం ఏడింటికి, పిల్లల్ని స్కూలు బస్సు దగ్గరికి తీసుకెళ్తుండగా వాట్సాప్‌లో వీడియో వచ్చింది. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. హాల్లో సీలింగ్‌కున్న స్మోక్ అలారం పక్కనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. టెక్సస్ ఇళ్లలో వాటర్ హీటర్ చాలాసార్లు అటకమీదే పెడతారు, అది పగిలింది. మేనేజరుకు చేస్తే వాయిస్‌మెయిల్‌కి పోతోంది. గ్యారేజ్ గోడకు, ఫ్రిజ్ వెనక మెయిన్ వాల్వ్ ఉందని అద్దెకున్నాయనకు ఫోన్‌లోనే చెప్పి కట్టించాను. అది ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్త హీటర్‌కు 2,100 డాలర్లు, సీలింగ్ రిపేరుకు వేరే.

ఇవన్నీ డబ్బుతో సర్దుకునే ఖర్చులు, వీటికోసమే అమ్మేయమని నేను చెప్పను. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో మీరు మారడమే అసలు విషయం. నాన్‌రెసిడెంటుకు వచ్చే అద్దె మీద, ఖర్చులేవీ తీయకుండా మొత్తానికి 30 శాతం పన్ను పడుతుంది. అలా కాకుండా ఖర్చులు పోను మిగిలినదాని మీదే కడతామని రిటర్న్‌లో రాసివ్వాలి (దీన్ని ఎలెక్షన్ అంటారు), మేనేజరుకు డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ఇవ్వాలి, ఏటా 1040-ఎన్‌ఆర్ ఫైల్ చేయాలి. మా మేనేజరు దగ్గర మేం రాకముందు ఇచ్చిన, రెసిడెంట్లు ఇచ్చే డబ్ల్యూ-9 ఫారమే ఏడాదిపాటు అలాగే ఉండిపోయింది. మా సీపీఏ పట్టుకుని సరిచేయించారు.

అమ్మేటప్పుడు ఫిర్‌ప్టా (విదేశీయులు అమెరికా ఆస్తి అమ్మితే వర్తించే పన్ను చట్టం) ఉంటుంది. అమ్మేవాడు నాన్‌రెసిడెంటయితే, లాభం ఎంతయినా సరే, అమ్మకం ధరలో 15 శాతం కొనేవాళ్లు పట్టి ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. కొనేవాళ్లు అందులో కాపురముంటూ, ధర మూడు లక్షలు దాటి పది లక్షల డాలర్లలోపు ఉంటే 10 శాతం. మాది 5,20,000కి అమ్మాం, 52,000 అక్కడే ఆగిపోయింది. 3,60,000కి కొన్న ఇల్లు, లాభం 1,60,000. అమ్మడానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు ఆ సొంతింట్లో ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల లాభం దాకా పన్ను లేదు కాబట్టి మాకు దాని మీద పడింది లేదు. అద్దెకిచ్చిన కాలానికి తీసుకున్న డిప్రిసియేషన్ (ఇంటి తరుగుదల కింద అద్దె లెక్కలో తగ్గించుకున్న మొత్తం), దాదాపు 17,000, దానికి మాత్రం 25 శాతం మించకుండా కట్టాలి. అంటే కట్టాల్సింది నాలుగు వేల చిల్లర, పట్టుకున్నది 52 వేలు. మిగతాది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకునేసరికి ఏడాది దాటింది. క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే) రోజులోపు 8288-బి ఫారం పెట్టుకుంటే తక్కువ పట్టమని ఐఆర్‌ఎస్‌ను అడగొచ్చు, జవాబుకు సాధారణంగా మూడు నెలలు పడుతుంది. హడావుడిలో మేం పెట్టలేదు, మీరు పెట్టండి. ఇదే ఇల్లు 2023 మేలో, అక్కడ రెసిడెంటుగా ఉండగానే అమ్మి ఉంటే, మేం ఫారిన్ పర్సన్ కాదని ఒక అఫిడవిట్ మీద సంతకం చేస్తే అయిపోయేది. అప్పుడు రియల్టర్ చెప్పిన ధర 5,15,000. రెండేళ్ల తిప్పలకు వచ్చిన పెరుగుదల ఐదు వేలు.

హడావుడి ఎందుకైందంటే రెండు గడువులు ఒకేసారి నడుస్తాయి. మొదటిది అమెరికాది. ఐదేళ్లలో రెండేళ్లు అన్న లెక్క ప్రకారం ఇల్లు ఖాళీ చేసిన మూడేళ్లలోపు అమ్మితేనే ఆ మినహాయింపు. ఇది చాలామందికి తెలుసు. రెండోది ఇండియాది, ఇదే ఎక్కువమంది మర్చిపోయేది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు మొదటి రెండు ఆర్థిక సంవత్సరాలు, కొందరికి మూడు, ఆర్‌ఎన్‌ఓఆర్ (ఇక్కడ రెసిడెంటే, కానీ పూర్తిస్థాయి రెసిడెంటు కాదు) హోదా ఉంటుంది. ఆ కాలంలో విదేశీ అద్దె మీదా, విదేశీ ఇల్లు అమ్మిన లాభం మీదా ఇక్కడ పన్ను లేదు. మూడో ఏడాది దొరుకుతుందా లేదా అన్నది అంతకుముందు సెలవులకు వచ్చి ఎన్నాళ్లున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ ఏడాదికి ముందు ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది మొత్తం 729 రోజులు మించకూడదు. మా అమ్మ ఆపరేషన్‌కి మా ఆవిడ రెండు నెలలు ఎక్కువ ఉంది, తనకు లెక్క దాటింది, అంటే తన హోదా 2025 మార్చి 31తోనే ముగుస్తుంది. ఆ హోదా పోయాక అమ్మితే అమెరికాలో పన్ను లేని ఆ లాభానికి ఇక్కడ 12.5 శాతం కట్టాలి. అక్కడ కట్టలేదు కాబట్టి తగ్గించుకోడానికి క్రెడిట్ కూడా ఉండదు. ఇద్దరి వాటాలకూ పడితే మా లాభానికి 20 వేల డాలర్లు. అందుకే మార్చి 31 లోపు క్లోజింగ్ కావాలని జనవరి నుంచీ పరుగులు పెట్టాం. ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం మనం బయట ఉండగా కొన్న ఇల్లు ఉంచుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. కానీ ఆర్‌ఎన్‌ఓఆర్ కాలం ముగిశాక ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తిగా చూపించాలి. చూపకపోతే పది లక్షల రూపాయల పెనాల్టీ వేయొచ్చు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కదిలించింది ఎస్టేట్ టాక్స్, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద అమెరికా వేసే పన్ను. అక్కడ స్థిరపడి ఉన్నవాళ్లకు కోటి డాలర్లకు పైగా ఆస్తి దాకా ఆ పన్ను ఊసే లేదు. అక్కడ స్థిరనివాసం వదులుకున్న విదేశీయులకు మినహాయింపు 60,000 డాలర్లే. ఆపైన మెట్లు మెట్లుగా 40 శాతం దాకా. ఇండియాకు, అమెరికాకు మధ్య ఈ పన్నుకు ఒప్పందం లేదు. భార్యాభర్తల మధ్య ఉండే మినహాయింపు కూడా, బతికున్నవాళ్లు అమెరికా పౌరులు కాకపోతే మామూలుగా దొరకదు. నాకేమైనా అయితే మా ఆవిడ ఇక్కడ నుంచి అమెరికా లాయర్ని పెట్టుకుని, ఆ పన్ను సంగతి తేల్చుకుని ఇల్లు అమ్ముకోవాలి. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2.875 శాతం వడ్డీ మీద నాకున్న మమకారం ఆ రాత్రితో పోయింది. అయినా ఉంచుకోవాలంటే కనీసం ఆ పన్నుకు సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

కాబట్టి నా ఓటు బయల్దేరకముందే అమ్మేయడానికి. రెండేళ్లలో తిరిగి వెళ్లే ఆలోచన గట్టిగా ఉంటేనో, లేఆఫ్ తర్వాత 60 రోజుల్లో దేశం వదలాల్సి వచ్చి మంచి ధర దొరక్కపోతేనో అద్దెకివ్వండి. ఇస్తే మాత్రం రెండు గడువుల్లో ముందు వచ్చేది క్యాలెండర్‌లో రాసుకుని, దానికి ఆరు నెలల ముందే లీజు ముగిసేలా చూసుకోండి.

ఇక్కడ నుంచి అమ్మాల్సి వస్తే పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకం కాగితాలు చూసే టైటిల్ కంపెనీ ఇచ్చిన ఫార్మాట్‌లోనే, ఆ ఇంటి వివరాలతోనే ఉండాలి. మేం హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ చేయించాం, ఒక్కో సీలుకు 50 డాలర్లు. అక్కడి బ్యాంకు ఖాతా, ఓటీపీ వచ్చే అమెరికా నంబరు రిఫండ్ వచ్చేదాకా మూసేయొద్దు.

ఇల్లు ఖాళీగా ఉంచి రావడం గురించి ఆలోచించకండి, ఒకటి రెండు నెలలు ఎవరూ లేకపోతే చాలా పాలసీలు నష్టాలకు పూర్తిగా కట్టవు. చుట్టాలకు ఊరికే ఇవ్వడం వాళ్లకూ మీకూ ఇబ్బంది. ఎయిర్‌బీఎన్‌బీకి చాలా హెచ్‌ఓఏలు ఒప్పుకోవు.

మా తోడల్లుడు వచ్చే జూన్‌లో టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి వచ్చేస్తున్నాడు. మేం పడ్డ తిప్పలన్నీ విన్నాక ఫిబ్రవరిలోనే రియల్టర్ని పిలుస్తానన్నాడు. పెయింట్ మార్చిలో, లిస్టింగ్ ఏప్రిల్ మొదటి వారంలో. క్లోజింగ్ అయిన రోజు నుంచి బయల్దేరేదాకా ఉండడానికి నెల రోజుల అపార్ట్‌మెంట్ వెతికే పని మా మరదలు ఇప్పుడే మొదలుపెట్టింది.