పార్సిల్ పోయింది, రిఫండ్ రాలేదు: 1915 ఎంతవరకు పనికొస్తుంది?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ ఉచితం, తెలుగులోనూ ఫిర్యాదు చెప్పుకోవచ్చు. కానీ చేతిలో కాగితాలు లేకుండా ఫోన్ చేస్తే ఒరిగేదేమీ లేదు.

ముందు అమ్మిన సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్ పెట్టాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌ను నమ్ముకోవద్దు. మాట్లాడినా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

గొడవంతా ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని పడినప్పుడే. ఓటీపీ ఎవరు చెప్పారు, సంతకం ఎవరిది, ఫొటోలో ఉన్నది ఎవరి గుమ్మం? ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయిన కేసులు ఇక్కడే బయటపడతాయి. 'కొరియర్‌ వాళ్లనే అడగండి' అంటే ఒప్పుకోవద్దు. మీరు డబ్బు కట్టింది కొరియర్‌కి కాదు. పైగా స్పీడ్ పోస్ట్‌లో పోతే తపాలా శాఖ ఇచ్చే పరిహారం ఛార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, ఏది తక్కువైతే అది. పదివేల ఫోన్‌కి అది ఏపాటి?

1915 బలహీనత ఒకటే: ఫిర్యాదును కంపెనీకి పంపి ఒత్తిడి తెస్తుంది తప్ప ఆదేశించే అధికారం దానికి లేదు. కంపెనీ మొండికేస్తే 1915 ఇచ్చిన డాకెట్ (ఫిర్యాదు) నంబరుతో సహా ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కార్డుతో కట్టినవాళ్లు ఈలోపే బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం) అడగాలి. దాని గడువు చాలా తక్కువ.