పాత ట్రాక్టర్ల ప్రదర్శన రివ్యూ: ఇంజన్ స్టార్ట్ చేసి చూపిస్తేనే ఫుల్ మార్కులు

వ్యవసాయ ప్రదర్శనకు వెళ్తే జనమంతా కొత్త మెషిన్ల స్టాళ్ళ దగ్గర ఉంటారు, నేను మాత్రం నేరుగా పాత ట్రాక్టర్లు పెట్టిన వైపు నడుస్తాను. ఇలాంటి ప్రదర్శనలు చాలానే చూశాను కాబట్టి వాటిలో ఏది చూడదగ్గదో, ఏది మొక్కుబడిగా పెట్టిందో కాస్త గట్టిగానే చెప్పగలను. మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, చాలా చోట్ల ట్రాక్టర్లను తళతళలాడేలా తుడిచి, వరసగా నిలబెట్టి, ముందు తాడు కట్టేసి వదిలేస్తారు. ఒక్క ఇంజన్ కూడా మోగదు. రంగు చూడాలి, ఫోటో తీసుకోవాలి, వచ్చేయాలి. ట్రాక్టర్ అన్నది పని కోసం పుట్టిన మెషిన్, అది కదలకపోతే, పొగ వదలకపోతే దాని గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

స్టార్ట్ చేసి చూపించే చోటైతే పరిస్థితే వేరు. లాంజ్ బుల్‌డాగ్ ఉందని తెలిస్తే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మిస్ అవ్వకండి. జర్మనీలో 1921లో మొదలైన మోడల్ ఇది, ఫ్రిట్జ్ హూబర్ డిజైన్, ఒకటే సిలిండర్, అదీ పడుకోబెట్టినట్టు అడ్డంగా ఉంటుంది. తర్వాత వచ్చిన పెద్ద మోడళ్ళలో ఆ ఒక్క సిలిండరే 10 లీటర్లకు పైగా ఉంటుంది. దీన్ని స్టార్ట్ చేయడానికి తాళం చెవి తిప్పితే కుదరదు, ముందు భాగంలో గుండులా కనిపించే హెడ్ కింద బ్లో లాంప్ (మంటను గట్టిగా ఊదే దీపం) పెట్టి బాగా కాలేదాకా వేడి చేయాలి. ఆ తర్వాత డ్రైవర్ స్టీరింగ్‌ను రాడ్‌తో సహా ఊడబీకి, పక్కనున్న ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మధ్యలో దూర్చి, ముందుకీ వెనక్కీ ఊపుతాడు. మొదటిసారి చూసేవాళ్ళు స్టీరింగ్ చేతిలోకి వచ్చేయడం చూసి ఏదో విరిగిందనుకుని కంగారు పడతారు. ఊపగా ఊపగా ఒక్కసారి "ధబ్" మంటుంది, ఇంకోసారి, ఇంకోసారి, ఇక ఆగదు, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ట్రాక్టర్ మొత్తం ముందు చక్రాల మీద ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. ఇంకో తమాషా ఏంటంటే ఈ ఇంజన్ ఎటు వైపైనా తిరగగలదు. ఎదురు వైపు తిరుగుతూ అందుకుందంటే ముందుకు పోయే గేర్ వేసినా బండి వెనక్కి పోతుంది, అందుకే తెలిసినవాళ్ళు గేర్ వేసే ముందు ఫ్లైవీల్ ఎటు తిరుగుతోందో ఒక కన్నేసి ఉంచుతారు. దగ్గరుండి చూస్తే తప్ప ఇదంతా ఏ బోర్డు మీద రాసినా అర్థం కాదు.

బ్రిటన్‌లో తయారైన ఫీల్డ్ మార్షల్ కూడా ఒకే సిలిండర్ డీజిల్. దీన్ని తుపాకీ తూటా లాంటి కార్ట్రిడ్జ్ పెట్టి పేల్చి కూడా స్టార్ట్ చేయొచ్చు. చెవులు మూసుకోండి.

ఇక అన్ని ప్రదర్శనల్లోనూ ఎక్కువగా కనిపించేది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, బూడిద రంగు ఫెర్గూసన్ టీఈ20. చూడటానికి చిన్నది, టన్నుకు కాస్త ఎక్కువ బరువు, పక్కన పెద్ద పెద్ద ట్రాక్టర్లు ఉంటే జనం దీని ముందు ఆగను కూడా ఆగరు, అదే నాకు బాధ. 1946 నుంచి 1956 దాకా బ్రిటన్‌లోని కోవెంట్రీలో 5 లక్షలకు పైగా చేశారు. దీని వెనక్కి వెళ్ళి చూడండి: కింద రెండు చేతులు, పైన మధ్యలో టాప్ లింక్ అనే ఒక కడ్డీ. ఇవాళ పొలంలో తిరిగే దాదాపు ఏ ట్రాక్టర్ వెనక చూసినా ఈ మూడు పాయింట్లే ఉంటాయి, ఆ ఆలోచన హ్యారీ ఫెర్గూసన్‌ది. అంతకు ముందు నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో వెనక కట్టి లాగేవాళ్ళు. నాగలి కింద రాయో మొద్దో తగిలి ఆగిపోతే చక్రాలు మాత్రం తిరగడానికే చూస్తాయి, దాంతో ముందు భాగం పైకి లేచి ట్రాక్టర్ డ్రైవర్ మీదే తిరగబడేది. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్‌కు ఈ విషయంలో బాగా చెడ్డపేరు ఉంది, అయినా 7 లక్షలకు పైగా అమ్ముడుపోయింది, ఎందుకంటే మామూలు రైతు కొనగలిగే ధరకు వచ్చిన ట్రాక్టర్ అది.

ఫెర్గూసన్ లిఫ్ట్, అంటే నాగలిని లేపే, దించే ఏర్పాటు, పని చేసే తీరు ఒక్కసారి అర్థమైతే ఈ చిన్న బండి మీద గౌరవం పెరుగుతుంది. నాగలి నేలలో దిగి నడుస్తుంటే మట్టి దాన్ని వెనక్కి పట్టుకుంటుంది, ఆ ఒత్తిడి టాప్ లింక్‌ను ట్రాక్టర్ వైపు నెడుతుంది, అక్కడున్న గట్టి స్ప్రింగ్ నొక్కుకుని లిఫ్ట్‌ను నడిపే ఆయిల్‌ను అదుపు చేసే హైడ్రాలిక్ వాల్వ్‌కు ఆ సంగతి అందుతుంది. నేల గట్టిపడితే లిఫ్ట్ తనంతట తానే నాగలిని కాస్త పైకి లేపుతుంది, మెత్తబడితే మళ్ళీ దించుతుంది. పైగా నాగలి బరువు, దాని మీద పడే మట్టి బరువు కూడా వెనక చక్రాల మీదికే వస్తాయి కాబట్టి తక్కువ బరువున్న ట్రాక్టర్ కూడా చక్రం జారకుండా దున్నుతుంది. టాప్ లింక్ ముందుకు నెడుతూ ఉంటుంది కాబట్టి ముందు భాగం లేచే ప్రమాదం కూడా బాగా తగ్గింది. ఇదే పద్ధతి మీద 1938లో ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ కాగితం కూడా రాసుకోకుండా చేతిలో చెయ్యి వేసుకుని ఒప్పందం చేసుకున్నారు, మరుసటి ఏడు ఫోర్డ్ 9ఎన్ వచ్చింది, తర్వాత చెడింది, కోర్టుకెళ్ళారు, చివరికి 1952లో ఫోర్డ్ కంపెనీ 92.5 లక్షల డాలర్లు కట్టింది. ఇంత కథ ఉన్న బండి పక్కన "ఫెర్గూసన్, 1950" అని ఒక్క ముక్క రాసిన అట్ట పెడితే ఏం సరిపోతుంది చెప్పండి?

అక్కడ ఉన్న ఓనర్‌ను సెల్ఫ్ ఎక్కడుందని అడగండి. టీఈ20కి విడిగా స్టార్టర్ బటన్ ఉండదు, గేర్ రాడ్‌నే ఎస్ అని గుర్తున్న వైపుకు నెట్టాలి. అంటే న్యూట్రల్‌లో ఉంటే తప్ప బండి స్టార్ట్ కాదు, గేర్‌లో ఉండి ముందుకు దూకే ప్రమాదమే లేదు. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటే అంత ముందుచూపుతో ఆలోచించారంటే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. చాలామందికి తెలియని ఇంకో సంగతి, 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం దక్షిణ ధ్రువానికి చేరింది ఈ ఫెర్గూసన్‌ల మీదే, చక్రాలకు యుద్ధ ట్యాంకులకు ఉండేలాంటి ట్రాక్‌లు బిగించుకుని.

నా అసలు కంప్లైంట్ పెయింటింగ్ గురించి. తుప్పు తినేస్తున్న బండికి రంగు వేయాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఏ బండికైనా కళ్ళు చెదిరే మెరుపు కొట్టేసి, సైలెన్సర్‌కు క్రోమ్ వేయించి, ఇది ఒరిజినల్ అని చెప్తే ఒప్పుకోబుద్ధి కాదు. 1924లో అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన మొదటి ఫార్మాల్ ట్రాక్టర్ బూడిద రంగులో ఉండేది, ఆ కంపెనీ వాళ్ళు ఎరుపుకు మారింది 1936లో. అంత పాత ఫార్మాల్‌ను నిలువెల్లా ఎర్రగా చేసి పెట్టిన ప్రదర్శన ఒకటి చూశాను, అడిగితే ఎరుపైతే జనం ఆగి చూస్తారండీ అన్నారు. మరి చూసి వెళ్ళినవాళ్ళు ఏం నేర్చుకున్నట్టు? రంగు వేయని బండి దొరికితే దాని క్లచ్ పెడల్ చూడండి. గీతలు గీతలుగా ఉండాల్సిన ఇనుము ఒక పక్క నున్నగా అరిగి, అంచు పల్చబడి మెరుస్తుంటుంది, ఏళ్ళ తరబడి ఒకే చోట ఆన్చిన బూటు అరగదీసింది అది. స్టీరింగ్ మీద కూడా చెయ్యి ఎక్కువగా పట్టుకునే చోటే పగుళ్ళు ఉంటాయి. రీస్టోర్ చేసేవాళ్ళు మిగతావన్నీ మార్చుకున్నా ఆ పెడల్‌ను మాత్రం అలాగే ఉంచితే బాగుంటుంది.

సౌండ్ విషయానికొస్తే జాన్ డీర్ పాత రెండు సిలిండర్ల బండ్లను మించినవి లేవు. మోడల్ డి 1923 నుంచి 1953 దాకా వచ్చింది, కంపెనీ 1960 దాకా ఈ రెండు సిలిండర్ల పద్ధతినే నమ్ముకుంది. రెండు పిస్టన్లూ ఎదురెదురు దశలో నడుస్తాయి కాబట్టి పేలుళ్ళు సమానంగా రావు, "టప్-టప్... టప్-టప్..." అని రెండు దగ్గర దగ్గరగా, మధ్యలో ఖాళీ. కళ్ళు మూసుకుని విన్నా ఇది జాన్ డీరే అని చెప్పేయొచ్చు.

వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. ఇంజన్లు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడమే అసలు చూడాల్సిన పని, మధ్యాహ్నానికి ఓనర్లు అలిసిపోయి కుర్చీల్లో కూర్చుంటారు, ఇక చివర్లో రింగులో తిప్పే పరేడ్ దాకా ఏమీ జరగదు. ఓనర్లతో మాట్లాడటానికి మొహమాటపడొద్దు. "ఇది ఎంతకు కొన్నారు" అని కాకుండా "పార్టులు ఎక్కడ దొరికాయి" అని అడిగితే చాలు, బానెట్ ఎత్తి మరీ చూపిస్తారు. ట్యాంకులో రెండు అరలున్న మోడల్ ఉంటే అవి ఎందుకో అడగండి: చిన్న అరలో పెట్రోల్, పెద్ద అరలో కిరోసిన్ లాంటి వేపరైజింగ్ ఆయిల్. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కాక దాని మీదికి మారుస్తారు, మార్చగానే వాసన కూడా మారిపోతుంది.

నిర్వాహకులకు నేను చెప్పేది ఒకటే, ప్రతి బండీ స్టార్ట్ చేసే టైమ్ బోర్డు మీద రాయండి. రోజంతా తిరిగినా ఎప్పుడు ఏది మోగుతుందో తెలియక మిస్ అవ్వడం చాలా చిరాకు. అట్ట మీద సంవత్సరం, హార్స్‌పవర్ రాసి వదిలేయకుండా ఆ బండి కొత్తగా తెచ్చిన మార్పు ఏంటో రెండు లైన్లు రాస్తే పిల్లలకు కూడా ఎక్కుతుంది.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, బెల్ట్ పుల్లీతో నూర్పిడి మెషిన్ నడిపి చూపించే చోట వాళ్ళను బెల్ట్‌కు ఎదురుగా నిలబెట్టకండి, పక్కకు, దూరంగా ఉంచండి, బెల్ట్ తెగినా జారినా వెళ్ళేది అటే. తిరుగుతున్న పీటీఓ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వేరే మెషిన్లకు అందించే కడ్డీ) దగ్గరకు వదులు బట్టలతో అసలు వెళ్ళొద్దు, ఆ కాలం బండ్లలో చాలావాటికి దాని మీద కవర్ ఉండదు. తాడు కట్టడం మీద మొదట్లో విసుక్కున్నాను కానీ, మెషిన్ నడిచే చోట తాడు కట్టాల్సిందే, ఇంకో నాలుగడుగులు వెనక్కి కట్టినా తప్పులేదు.