తూటా లోడు పరీక్ష: డిసెంబరులోనా, మే నెలలోనా?
లోడు అంటే తూటాలో నింపే తుపాకీ మందు తూకం; అది ఎంత ఉండాలో కాల్చి తేల్చుకోవడమే ఈ పరీక్ష. ఇది లైసెన్సు, అనుమతి ఉన్న రేంజి రెండూ ఉన్న షూటర్ల మాట. నల్లగొండ, పాలమూరు వైపు చలికాలం ఉదయాలు హాయిగా ఉంటాయి, గురి కుదురుతుంది. కానీ ఆ చల్లదనంలో గరిష్ఠ పరిమితి దగ్గర కుదిరిన లోడును మే నెలలో కాల్చడం ప్రమాదం. ఎండ 44 డిగ్రీలు దాటే చోట తుపాకీ మందు వేడెక్కి వేగంగా మండుతుంది, ఛాంబరులో (తుపాకీలో తూటా కూర్చునే గదిలో) ఒత్తిడి పెరుగుతుంది. కాల్చాక బోల్టు (ఛాంబరును వెనక నుంచి మూసే భాగం) బిగుసుకున్నా, ప్రైమరు (తూటా అడుగున మందును అంటించే చిన్న మూత) చదునైనా అక్కడికక్కడే ఆపేయాలి. ఆ గుర్తులు కనిపించనంత మాత్రాన ఒత్తిడి మితిమీరలేదనుకోవద్దు!

నేనైతే మే నెలకే ఓటేస్తాను. మందు తయారీదారు మాన్యువల్‌లోని కనిష్ఠ తూకంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, క్రోనోగ్రాఫుతో (తూటా వేగం కొలిచే పరికరంతో) వేగం చూసి రాసుకోవాలి. పుస్తకంలోని గరిష్ఠం దాటకూడదు. తూటాలను ఎండలో ఉన్న కారులో వదలొద్దు. చలికాలంలో అదే లోడు వేగం కాస్త తగ్గుతుంది. దూరపు గురికి స్కోపు సరిచేసుకుంటే సరిపోతుంది.