వెనక మూత ఊడే ఫోన్లు, ఊడని ఫోన్లు

ఫోన్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే అందరూ కెమెరా, ర్యామ్ గురించి చెబుతారు. నేను మాత్రం వెనక మూత ఊడుతుందా అని చూస్తాను. ఇన్నేళ్లలో నేను వాడిన ఫోన్లకు మార్కులు ఆ లెక్కనే వేస్తున్నా.

మొదటిది నోకియా 1100. 2003లో వచ్చిన మోడల్. నా చేతికి వచ్చేసరికి ఒకరు వాడేసినది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైందట. మా ఊరి కల్లాల్లో ఎవరి చొక్కా జేబు చూసినా అదే కనిపించేది కాబట్టి నాకు ఆశ్చర్యమేమీ లేదు. కీప్యాడ్ మొత్తం ఒకటే రబ్బరు ముక్క. వడ్లు తూర్పారబట్టిన రోజు పొట్టూ దుమ్మూ ఒంటి నిండా ఉన్నా ఫోన్ లోపలికి పోయేది కాదు. తడి గుడ్డతో తుడిస్తే చాలు.

దాని అసలు గొప్ప మాత్రం టార్చ్. అప్పట్లో మాకు త్రీఫేజ్ కరెంటు రెండు విడతలుగా ఇచ్చేవాళ్లు, అందులో ఒకటి రాత్రిపూట. గట్టు మీద పాముల భయం, అవతల మోటారు వేయకపోతే మడి ఎండుతుందన్న టెన్షన్. 'సీ' బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ నెత్తి మీద చిన్న లైటు వెలిగేది. రెండుసార్లు నొక్కితే వేలు తీసేసినా ఆరేది కాదు. ఫ్యూజు పోయిన రాత్రి మెయిన్ దించి, ఫోన్‌ను పళ్ల మధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులతో వైరు చుట్టేవాణ్ని. ఇప్పటి ఆరున్నర అంగుళాల ఫోన్‌తో ఆ పని చేసి చూడండి, దవడ పట్టేస్తుంది.

అందులో ఉండేది బీఎల్-5సీ బ్యాటరీ. గోరుతో లేపితే బయటికి వచ్చేసేది. నా దగ్గర ఎప్పుడూ ఇంకొకటి చార్జ్ అయి ఉండేది. 2007 ఆగస్టులో నోకియా ఒక ప్రకటన ఇచ్చింది: మత్సుషిత కంపెనీ తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీలు చార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉంది, ఉచితంగా మార్చి ఇస్తామని. అది మా ఊరు చేరేసరికి 'ఫోన్లు పేలుతున్నాయంట' అయింది. టీ కొట్టు దగ్గర అందరూ మూతలు ఊడదీసి, బ్యాటరీ మీది అక్షరాలు చదవమని ఇంగ్లీషు వచ్చిన పిల్లల వెంట పడ్డారు.

ఆ తర్వాత నోకియాదే 5130 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్. పక్కన పాటలకు వేరే బటన్లు, మామూలు ఇయర్‌ఫోన్ పట్టే జాక్. ఊళ్లో షాపులో మెమరీ కార్డు ఇస్తే నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. 2 మెగాపిక్సెల్ కెమెరా గురించి మాట్లాడుకోకపోవడమే మేలు. కానీ ఇందులోనూ బీఎల్-5సీనే! పాత ఫోన్ బ్యాటరీ ఇందులో పట్టింది, దీనిది 1100లో పట్టింది. రెండూ మూలన పడ్డాక అమ్మ కొనుక్కున్న చైనా ఎఫ్ఎం డబ్బాలోనూ అదే పట్టింది. ఒక్క బ్యాటరీ మా ఇంట్లో అన్నేళ్లు చాకిరీ చేసింది. పదికి పది.

తర్వాత ఒక టచ్ ఫోన్ కొన్నాను, పేరెందుకులెండి. గంటకోసారి హ్యాంగ్. మూత తీసి, బ్యాటరీ ఊడబెరికి, మళ్లీ పెట్టడమే మందు. మూత ఊడటం వల్లే అది కొన్నాళ్లు బతికింది.

2017లో రెడ్‌మీ నోట్ 4 వచ్చింది. 4100 ఎంఏహెచ్ బ్యాటరీ, చార్జ్ పెడితే రెండో రోజు సాయంత్రం దాకా వచ్చేది. మూత ఊడకపోయినా తిట్టుకోని ఫోన్ అదొక్కటే. ఎనిమిది మార్కులు.

దాని తర్వాత తీసుకున్న దానికి మాత్రం బ్యాటరీ ఉబ్బి వీపు లేచింది. రిపేరు కుర్రాడు వేడి పెట్టి, సన్నటి ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంబడి కోస్తూ, "అన్నా, డిస్‌ప్లే పోతే నన్నడగొద్దు" అన్నాడు. గోరుతో అయ్యే పనికి ఇంత తతంగమా? యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే మార్చుకోగల బ్యాటరీలు ఉండాలని చట్టం చేశారు. మనకూ అలాంటిదొకటి కావాలి.

అలాగని పాతదంతా బంగారం అనను. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. ఇప్పుడు నా మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉంది. 1100లో వాడిన పాత సిమ్ ఆ స్టార్టర్ డబ్బాలోనే వేశాను. మంచంలోంచి కాల్ చేస్తే మోటారు ఆడుతుంది.

ఈ మధ్య సరదాకి 1100 కొంటామంటున్నవాళ్లకు ఒక మాట. అది 2జీ ఫోన్, జియో సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్ లాంటి 2జీ ఉన్న సిమ్ వేయాలి, మీ దగ్గర ఆ సిగ్నల్ ఉందో లేదో ముందే చూసుకోండి. కొత్తదని చెప్పి అమ్మేవాటిలో పాత బోర్డుకు కొత్త తొడుగు వేసినవి ఉంటాయి. డబ్బులిచ్చే ముందు మూత తీసి బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే బల్ల మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరుగుతుంది.