ఈప్ర్‌లో కొన్న 18 పౌండర్ గుండు

బెల్జియంలో ఈప్ర్ దగ్గర ఒక చిన్న షాపులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ 18 పౌండర్ (దాదాపు 18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి) ష్రాప్‌నెల్ గుండు ఖాళీ కేసు కొన్నాను, చాలా నచ్చింది. ఈ రకం గుండులో దాదాపు 375 సీసపు గోళీలు ఉండేవి, గాల్లో ఉండగానే అడుగున ఉన్న మందు పేలి వాటిని ముందుకు తోసేది, ఉక్కు కేసు మాత్రం చాలాసార్లు పగలకుండా కింద పడేది. అందుకే ఇవి ఇంత చక్కగా దొరుకుతాయి. కింద రాగి పట్టీ మీద ఫిరంగి గొట్టం గాడులు గీసిన గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, అంటే నిజంగా పేల్చిన గుండే. నాకు అన్నిటికంటే విలువైనది అదే.

నచ్చనిది తుప్పు మీద మందంగా కొట్టిన వార్నిష్. ఏ పొలంలో దొరికిందో కూడా రాసివ్వలేదు.

లోపల ఖాళీ అని కళ్లారా చూడకుండా ఏదీ కొనకండి. పొలాల్లో కనపడినవి అసలు ముట్టుకోవద్దు, అక్కడి రైతుల నాగళ్లకు ఇప్పటికీ పేలని గుండ్లు, విషవాయువు గుండ్లు తగులుతూనే ఉన్నాయి, వాటిని తీసుకెళ్లేది బెల్జియం సైన్యమే. విమానంలో తేవాలంటే ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి, ఖాళీదైనా సెక్యూరిటీ దగ్గర టెన్షన్ తప్పదు.