మాట వినిపించని వీడియోకి ‘వాయిస్ మాడ్యులేషన్ సూపర్’: ప్రజెంటేషన్ కోర్సు కొనేవాళ్లు జాగ్రత్త

యూనివర్సిటీలో చేరిన కొత్తలో సెమినార్ అంటేనే నాకు నోరెండిపోయేది. రాత్రంతా చదివింది క్లాసు ముందు నిలబడగానే ఎటు పోయేదో తెలిసేది కాదు. ఆ టెన్షన్‌లోనే ‘30 రోజుల్లో స్టేజ్ ఫియర్ మాయం’ అని ఊరించిన ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. పేరు రాయను. ఇదే బాపతువి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి, ఎక్కడ దెబ్బతిన్నానో చెబితే మిగతావాటినీ మీరే గుర్తుపడతారు.

‘ప్రతి విద్యార్థికీ పర్సనల్ ఫీడ్‌బ్యాక్’ అన్నారు. నేను డబ్బు కట్టింది దానికే, వీడియో పాఠాలు ఉచితంగా బోలెడు దొరుకుతాయి కదా. తీరా చేరాక మొదటి రెండు వారాలూ పాఠాలే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎటు చూడాలి, ఎలా నవ్వాలి... ఫీడ్‌బ్యాక్ భాగం మూడో వారంలో గానీ తెరుచుకోదు. డబ్బు వాపసు అడిగే గడువేమో 7 రోజులు! ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసుకోకపోవడం నా బుద్ధితక్కువే.

మూడో వారంలో ఐదు నిమిషాల ప్రసంగం రికార్డు చేసి పంపాను. మర్నాటికి జవాబు వచ్చింది: ‘కాన్ఫిడెన్స్ బాగుంది. వాయిస్ మాడ్యులేషన్ సూపర్. ఐ కాంటాక్ట్ ఇంకొంచెం పెంచండి.’ మురిసిపోయి, నా గొంతు అంత బాగుందా అని వీడియో పెట్టుకుంటే శబ్దమే లేదు. వాల్యూమ్ పెంచాను, హెడ్‌ఫోన్స్ మార్చాను. ఊహూఁ. రికార్డు చేసేటప్పుడు మైక్ మ్యూట్‌లో ఉండిపోయింది. ఐదు నిమిషాలూ పెదాలు కదులుతున్నాయంతే. అదే బ్యాచ్‌లో చేరిన క్లాస్‌మేట్‌ని అడిగితే తన ఫోన్ తీసి చూపించింది. అక్షరం పొల్లుపోకుండా అవే మూడు వాక్యాలు.

డబ్బు పోతే పోయింది, క్లాసులో పరువు కూడా పోయింది. కోర్సు మొదటి పాఠంలోనే ఒక లెక్క చెప్పారు. ఎదుటివాళ్లకి చేరేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, బాడీ లాంగ్వేజ్‌ది 55 అట. చూడ్డానికి బాగుందని నా సెమినార్‌లో మొదటి స్లైడ్‌గా పెట్టేశాను. మేడమ్ అక్కడే ఆపారు.

‘ఈ లెక్క ఎక్కడిది?’

‘రీసెర్చ్‌లో తేలింది, మేడమ్.’

‘ఎవరి రీసెర్చ్? దేని మీద?’

నా దగ్గర సమాధానం లేదు. చివరికి ఆవిడే చెప్పారు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో వెలువరించిన రెండు అధ్యయనాలవి. అందులో ఉపన్యాసాలు లేవు, పాఠాలు లేవు. విడివిడి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫోటోలు చూపించి, మాట్లాడేవాళ్లది ఇష్టమా, అయిష్టమా అని అడిగారు. ఇష్టాయిష్టాలు, భావాల సంగతి కాకపోతే ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పారట. ‘మాటల విలువ 7 శాతమే అయితే రాని భాషలో పాఠం చెప్పినా మీకు అర్థమైపోవాలి కదా’ అని మేడమ్ అంటే క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాననుకోండి, ఏం చేస్తాను.

చదివింది 10 శాతం, విన్నది 20 శాతం గుర్తుంటుందనే పిరమిడ్ కూడా అదే కోర్సులో ఉంది. దాని కింద ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త పేరు వేశారు. 1946లో ఆయన గీసిన శంకువు బొమ్మలో అసలు శాతాలే లేవు, తర్వాత ఎవరో తగిలించారు. ఆ స్లైడ్ పెట్టకముందే తెలుసుకున్నాను, నయం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది వేరే. మొత్తం కోర్సులో ప్రశ్నలకు జవాబు చెప్పడం మీద ఒక్క పాఠం లేదు. సెమినార్‌లో అసలు కథ స్లైడ్లు అయిపోయాకే మొదలవుతుంది. ‘ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నావు?’ అని అడిగితే బట్టీ పట్టిన స్క్రిప్టూ ఆదుకోదు, నేర్చుకున్న నవ్వూ ఆదుకోదు.

కాబట్టి డబ్బు కట్టేముందు వాళ్లని నిలదీసి అడగండి. నేను ఎన్నిసార్లు మాట్లాడాలి, ఎవరి ముందు? మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవాళ్లు ఉంటారా? ఇదివరకు ఎవరికైనా ఇచ్చిన ఫీడ్‌బ్యాక్‌ని, పేరు తీసేసి అయినా సరే, ఒకటి చూపిస్తారా? ఇక్కడ నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి. ఒప్పుకుంటే మొదటి వారంలోనే ఒక రికార్డింగ్ చూసిపెట్టమనండి, వాపసు గడువు దాటకముందే సంగతి తేలిపోతుంది. మీ యూనివర్సిటీలో రాత, ప్రసంగాల్లో సాయం చేసే కేంద్రం ఉందేమో కూడా కనుక్కోండి. మా దగ్గర ఉంది, ఉచితం. కోర్సు కొన్నాక తెలిసింది నాకు.

ఇప్పుడు మేం నలుగురం వారానికోసారి ఖాళీ క్లాస్‌రూమ్‌లో కలుస్తున్నాం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీ రూలే మాదీ: 3 నిమిషాలు, ఒక్క స్లైడ్. ఒకరు మాట్లాడతారు, ఇద్దరు ప్రశ్నలు వేస్తారు, నాలుగోవాళ్లు ఊతపదాలు లెక్కపెడతారు. నలుగురిలో మాట్లాడటం సాధన చేయడానికి 1924 నుంచి నడుస్తున్న టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఈ లెక్కపెట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషే ఉంటారు. మొదటి వారం మూడు నిమిషాల్లో నేను 22 సార్లు ‘సో’ అన్నాను. 30 రోజుల ఆ కోర్సులో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మూగ వీడియోనీ, దానికొచ్చిన పొగడ్తనీ జతచేసి రిఫండ్ కోసం వాళ్లకి మూడో మెయిల్ పెట్టాను. ‘మీ ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు’ అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది.