చలికాలపు స్పితికి పికప్: ఏ బండి, ఏ దారి, ఎక్కడ బస

జనవరి, ఫిబ్రవరిల్లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఎత్తైన మంచు లోయ స్పితికి రోడ్డు మీద వెళ్లే దారి ఒక్కటే: సిమ్లా, నార్కండా, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, టాబో, కాజా. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. అటల్ సొరంగం వచ్చింది కదా, మనాలి నుంచి పోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 2020లో తెరిచిన ఆ సొరంగం పక్క లోయ లాహౌల్ దాకానే చేరుస్తుంది. అక్కణ్ణుంచి స్పితిలోకి దిగాలంటే 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కాలి. అది ఇంచుమించు నవంబరు నుంచి మే దాకా మంచు కింద మూసుకునే ఉంటుంది.

యాత్ర ఒక్కదాని కోసమే పికప్ (వెనక తెరిచిన తొట్టి ఉన్న బండి) కొనాలనుకుంటే వద్దు. అదే డబ్బుకు ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఎస్‌యూవీ మంచు మీద ఇంకా కుదురుగా నడుస్తుంది. ఏడాదంతా పొలానికో తోటకో చెరువుకో బండి కావాలి, దాంతోనే ఒకసారి హిమాలయాలకూ వెళ్లాలి అనుకునేవాళ్ల కోసం ఈ లెక్కలు.

సొంత నంబరు మీద కొనుక్కునే ఫోర్ బై ఫోర్ పికప్‌లు మన దగ్గర ప్రధానంగా రెండు. ఒకటి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్. ఇది మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతుంది. 1.9 లీటర్ల డీజిల్ ఇంజను, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్. రెండోది టయోటా హైలక్స్. 2.8 లీటర్ల ఇంజను, 204 హార్స్‌పవర్, మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్లు. పొడవు రెంటికీ 5.3 మీటర్ల దగ్గరే. వీటికి తోడు, స్పితి వాళ్లూ కిన్నౌర్ వాళ్లూ రోజూ వాడే మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్. దానికి ఉన్నది 75 హార్స్‌పవరే, అయినా దాదాపు టన్ను మోస్తుంది. పైగా అది ఏ ఊళ్లో ఆగినా విప్పి బిగించే చేయి దొరుకుతుంది.

ముందు పని లెక్క తేల్చుకోవాలి. హిమాచల్‌లో 2024 నుంచి ఆపిల్ పెట్టె ప్రమాణం 20 కిలోలు. నలభై పెట్టెలంటే 800 కిలోలు. అంత బరువు రోజూ మోయాల్సినవాళ్లు వి-క్రాస్ వైపు చూడనక్కర్లేదు, అది కుటుంబమూ కాస్త సామానూ కలిసి వెళ్లే బండి. షోరూమ్ వాళ్లు నోటితో చెప్పే అంకె నమ్మకుండా ఆర్సీలో లోడుతో ఉండాల్సిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేయాలి. అందులోంచి మనుషుల బరువూ తీసేస్తే మిగిలేదే అసలు సామాను కోటా. ధాన్యం బస్తాలు, రొయ్యల మేత వేసేవాళ్లకు క్యాంపరే సరి. ఇంటికీ పొలానికీ ఒకే బండి కావాలంటే వి-క్రాస్ చాలు. హైలక్స్‌కు పెట్టే అదనపు డబ్బుకు ఈ దారిలో నిజంగా పనికొచ్చేవి రెండు: వెనక డిఫరెన్షియల్ లాకూ, 80 లీటర్ల ట్యాంకూ. ఒక వెనక చక్రం మంచు మీద ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ లాక్ రెండో చక్రానికీ బలం పంపుతుంది. వి-క్రాస్ కొనేవాళ్లు జారే చక్రాన్ని తనంతట తానే అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న వేరియంటే తీసుకోవాలి.

అసలు చిక్కు హార్స్‌పవర్‌తో కాదు, ఖాళీ తొట్టితో. పికప్ బరువులో ఎక్కువ పాలు ముందు చక్రాల మీదే ఉంటుంది. వెనక కమాన్ కట్టలు బరువు మోయడానికి బిగువుగా చేసినవి. తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాలు రోడ్డును గట్టిగా పట్టవు. మంచు పేరుకున్న మలుపులో యాక్సిలరేటర్ వదిలిన క్షణంలోనే తోక పక్కకు జారుతుంది. దీనికి మందు ఇసుక. 25 కిలోల బస్తాలు నాలుగు, వెనక హౌసింగ్‌కు, అంటే వెనక చక్రాల ఇరుసుకు, సరిగ్గా పైన గానీ, దానికి జానెడు ముందు గానీ పెట్టి, రాచెట్ బెల్టుతో తొట్టి కొక్కేలకు బిగించాలి. వెనక తలుపు దగ్గర పెడితే బండి ముక్కు తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. కట్టకుండా వదిలేస్తే గట్టి బ్రేకు పడ్డప్పుడు ఆ బస్తాలు క్యాబిన్ వెనక గోడను గుద్దుతాయి. ఇసుకను మైదానంలోనే బాగా ఎండబెట్టి నింపుకోవాలి. తడి ఇసుక నాకో చేరేసరికి రాయిలా గడ్డకడుతుంది. అప్పుడది బరువుకు పనికొస్తుంది గానీ, చక్రం కింద చల్లాల్సి వచ్చినప్పుడు గుప్పెడు కూడా ఊడి రాదు.

వి-క్రాస్, హైలక్స్ రెండూ పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్‌లే, అంటే కావాల్సినప్పుడే నాలుగు చక్రాలకూ బలం వేసుకోవాలి. ‘ఫోర్ హై’ (మామూలు వేగానికి నాలుగు చక్రాల స్థానం)లో వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో కట్టేసినట్టు తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి పొడి తారు మీద ఆ తేడా పోయే చోటుండదు. స్టీరింగ్ బరువెక్కుతుంది, గేర్‌పెట్టె నలుగుతుంది. ఈ దారి గొడవేమిటంటే పది కిలోమీటర్లు పొడి తారు ఉంటుంది, తర్వాత నీడ మలుపులో యాభై మీటర్ల గాజు మంచు. కాబట్టి మలుపుకు ముందే, చక్రాలు తిన్నగా ఉండగానే ఫోర్ హై వేసుకుని, దాటాక తీసేయాలి. చక్రం జారుతుండగా వేయకూడదు. దిగుడులో ‘ఫోర్ లో’ (నెమ్మది వేగపు స్థానం) వేసి మొదటి గేరు వేస్తే ఇంజను మరీ గట్టిగా పట్టి చక్రాలే జారిపోతాయి. రెండో గేరు మేలు.

టైర్ల మీద మూడు శిఖరాల కొండా, దానిలో మంచు పువ్వూ ఉన్న గుర్తు చూసి కొనాలి. ఎమ్ ప్లస్ ఎస్ అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే అది మంచుకు హామీ కాదు. షోరూమ్ నుంచి వచ్చే హైవే టైరు రబ్బరు 7 డిగ్రీల కిందికి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. చలికి టైరులో గాలి తగ్గుతుందని కొందరు బయల్దేరేటప్పుడే ఎక్కువ కొట్టిస్తారు. అక్కర్లేదు. చలి తగ్గించినదాన్ని ఎత్తు చాలావరకు పూడుస్తుంది. హైదరాబాదులో 30 డిగ్రీల ఎండలో 32 పీఎస్‌ఐ పెట్టిన టైరు కాజాలో మైనస్ 20 దగ్గర మీటరు మీద దాదాపు 29 చూపిస్తుంది.

స్నో చైన్లు సిమ్లాలోనే, టైరు సైజు చెప్పి కొనాలి. ఒక జతే ఉంటే వెనక చక్రాలకు. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం వేరుగా చెబితే అదే ప్రమాణం. ఇంటి దగ్గర ఒకసారి చేతి తొడుగులతో వేసి చూడకపోతే, మైనస్ పదిలో ఆ కొక్కెం దొరకదు. వేసిన అర కిలోమీటరుకు ఆగి మళ్లీ బిగించాలి, వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు, పొడి తారు రాగానే విప్పేయాలి.

డీజిల్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మనం మైదానంలో పోయించుకునే డీజిల్‌కు చలికాలంలో కూడా ఫిల్టరు దాటే పరిమితి ప్రమాణాల ప్రకారం 6 డిగ్రీలే. అంతకంటే చల్లబడితే అందులోని మైనం గింజకట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లదాఖ్ కోసం మైనస్ 33 దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. కాజా బంకులో ఏ రకం పోస్తున్నారో పోయించేముందే అడగాలి. కింద నింపిన ట్యాంకుతో పైకి ఎక్కేటట్టయితే గడ్డకట్టనివ్వని మందును రాంపూర్‌లోనే, డీజిల్ ఇంకా వెచ్చగా ఉండగానే, సీసా మీద రాసిన కొలతతో కలపాలి. మైనం పట్టాక పోస్తే అది కరిగించదు. పాత బండ్లలో కిరోసిన్ కలిపేవాళ్లు, ఇప్పటికీ ఎవరో ఒకరు అదే చెబుతారు. బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) బండిలో అది చేయొద్దు. కిరోసిన్‌లో గంధకం ఎక్కువ, జిడ్డు తక్కువ. గంధకం పొగగొట్టంలోని కేటలిస్టునూ, మసిని పట్టే వడపోత డీపీఎఫ్‌నూ పాడుచేస్తుంది, జిడ్డు లేక హై ప్రెషర్ పంపు అరుగుతుంది. పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రవం పోసే బండైతే అది మైనస్ 11కే గడ్డకడుతుంది, ఉబ్బడానికి చోటు ఉండేలా ట్యాంకు కాస్త వెలితిగా ఉంచాలి.

బంకులు రాంపూర్‌లో, రెకాంగ్ పియో కింద పోవారీలో, ఆ తర్వాత కాజాలో. పోవారీ నుంచి కాజాకు 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మధ్యలో బంకు ఉంటుందని నమ్ముకోకూడదు. మంచు పడి రోడ్డు మూసుకుంటే బండిని ఆన్‌లో ఉంచి గంటల తరబడి వేచి ఉండాల్సి రావచ్చు కాబట్టి, పోవారీలో ఫుల్ చేయించడం తప్పనిసరి.

బయల్దేరే ముందు గ్యారేజీలో మూడు పనులు. కూలెంట్ బలం రిఫ్రాక్టోమీటరుతో కొలిపించాలి. మన వేడి ఊళ్లలో రేడియేటరులో నీళ్లు కలుపుతూ కలుపుతూ అది పలచబడి ఉంటుంది. నీళ్లు కలపని గాఢమైన కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే మైనస్ 35 దాకా దిగులుండదు. బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేయించాలి, మైనస్ 18 దగ్గర దాని సత్తువ సగానికి పడిపోతుంది. ఇంజనాయిల్ మాన్యువల్ ఒప్పుకునే గ్రేడుల్లో 5డబ్ల్యూ-30 లాంటి పలచనిది వేయించాలి. అద్దం కడిగే నీళ్ల డబ్బాలో మామూలు నీళ్లు ఉంటే పారబోసి, గడ్డకట్టని ద్రవం నింపాలి. విడి డీజిల్ ఫిల్టరు ఒకటి, బెల్టు ఒకటి బండిలో ఉండాలి. ఇసుజుకు గానీ టయోటాకు గానీ కాజాలో సర్వీసు లేదు, అక్కడి మెకానిక్కుల చేతిలో తిరిగేవి మహీంద్రా, టాటా బండ్లు.

రాత్రి బండి ఆపేటప్పుడు ముక్కు తూర్పుకు పెట్టాలి, మొదటి ఎండ రేడియేటరు మీద పడేలా. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచొద్దు, తడి ఉంటే గడ్డకట్టి పట్టేస్తుంది. మొదటి గేరులో వేసి చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. వైపర్లు పైకెత్తాలి. బోనెట్ మీద కప్పిన దుప్పటి పొద్దున మరిచిపోకుండా తీయాలి.

పొద్దున తాళం తిప్పి, డీజిల్ ఇంజనును ముందుగా వేడిచేసే కాయిల్ దీపం ఆరేదాకా ఆగి, ఆపి, మళ్లీ అదే చేసి, అప్పుడు క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టాలి. పది సెకన్లకు మించొద్దు, మధ్యలో నిమిషం విరామం. ఏది తప్పిందో చప్పుడే చెబుతుంది. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ. చురుగ్గా తిరిగి, ఇంజను అంటుకుని, నిమిషంలో ఆగిపోతే ఫిల్టరులో మైనం. అప్పుడు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టి బ్యాటరీని చంపుకోకుండా, ఫిల్టరుకు గుడ్డ చుట్టి వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయాలి, లేదా రాత్రంతా గదిలో ఉంచిన విడి ఫిల్టరు వేయాలి. ట్యాంకు కింద మంట పెట్టమని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు, చాలా కొత్త బండ్ల ట్యాంకులు ప్లాస్టిక్‌వి.

బసల సంగతి. సిమ్లా నుంచి నార్కండా మీదుగా వెళ్లే రోడ్డు 2,700 మీటర్లు ఎక్కుతుంది, మంచు పడ్డ రోజు కుఫ్రీ, ఫాగూ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు బసంత్‌పూర్, లూహ్రీ మీదుగా సట్లెజ్ వెంట కింది దారి ఉంది. మొదటి రాత్రి రాంపూర్‌లో గడపడం మంచిది. ఎత్తు వెయ్యి మీటర్లే, పొద్దున బండి పేచీ పెట్టదు. రెండో రాత్రికి అందరూ కల్పా అంటారు, కిన్నర్ కైలాస్ ఎదురుగా కనిపిస్తుంది గనుక. కానీ పియో నుంచి కల్పాకు ఎక్కే మలుపులు నీడలో గట్టి మంచు పట్టి ఉంటాయి. మంచు కొత్తగా పడి ఉంటే పియోలోనే ఆగి, పగలు స్థానిక ట్యాక్సీలో కల్పా చూసి రావడం తెలివైన పని.

నాకో 3,600 మీటర్ల పైన. చలికాలంలో చాలా బసలు మూసేస్తారు, ఫోన్‌లో ఖాయం చేసుకోకుండా అక్కడ రాత్రి పెట్టుకోవద్దు. నాకో దగ్గరి మలింగ్ నాలా వద్ద వేళ ముఖ్యం. పొద్దున్నే వెళితే రాత్రి పారిన నీరు గాజులా ఉంటుంది, మధ్యాహ్నం దాటితే ఎండకు కరిగి పైనుంచి రాళ్లు రాలుతాయి. పది, పన్నెండు మధ్య దాటడం ఉత్తమం, రాళ్లు పడే చోట ఫొటోలకు ఆగొద్దు.

టాబో అన్నిటికంటే మంచి మజిలీ. 3,280 మీటర్ల ఎత్తు, కాజా కంటే తక్కువ, ఒంటికి అలవాటు పడడానికి సరిపోతుంది. క్రీ.శ. 996లో కట్టిన మట్టి గోడల విహారం నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది. కాజా ఇంకో 47 కిలోమీటర్లు. టాబోలో ఒక రాత్రి ఉండకుండా నేరుగా కాజా చేరినవాళ్లకు తలనొప్పి, వాంతులు పట్టుకోవడం మామూలే.

కాజాలో హోటలు కంటే హోమ్‌స్టేనే మేలు. నవంబరు నుంచి కుళాయిలు బంద్, పైపులు పగిలిపోతాయి కాబట్టి. స్నానానికి బకెట్టు వేడినీళ్లు ఇస్తారు, మరుగుదొడ్డి మట్టీ బూడిదా చల్లే పొడి రకం. గది మధ్య ఇనప పొయ్యి ఉంటుంది, దాన్ని వాళ్లు తందూర్ అంటారు. చెట్లు లేని లోయలో కట్టెలు బంగారం, అందుకే బుక్ చేసేటప్పుడే మూడు అడగాలి: తందూర్ గదిలో ఉందా, వంటగదిలోనేనా? కట్టెల డబ్బు అద్దెలో కలిసిందా? బండి ఎండ తగిలే చోట ఆపొచ్చా? తందూర్ ఉన్న గదిలో పడుకుంటే గాలి కంత కాస్త తెరిచి ఉంచాలి, పొగ నుంచి కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం నిజమైనది.

కాజా పైన కిబ్బర్, చిచం వంతెన, లాంగ్జా, హిక్కిం, కోమిక్ అన్నీ 4,100 మీటర్ల పైవే. ఆ సందు మలుపుల్లో 5.3 మీటర్ల బండి ఒక్క తిప్పులో తిరగదు, వెనక్కి తీస్తుండగా లోయ అంచున మంచు కింద రోడ్డెక్కడ ఆగిందో కనిపించదు. అక్కడికి మన పికప్‌ను కాజాలో వదిలేసి, రోజువారీగా డ్రైవరుతో సహా స్థానిక క్యాంపర్ మాట్లాడుకోవాలి. బేరం ముందు రోజు సాయంత్రమే ఖాయం చేసుకుని, పొద్దున తొమ్మిదిన్నర తర్వాతే బయల్దేరదామని చెప్పాలి, అప్పటికి ఎండ పైమలుపుల దాకా వస్తుంది.